కొండ మీద దాచిన నీళ్ళు

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. నీటిపారుదల శాఖలో ఏఈగా కొత్తగా చేరిందట. రెండో పంట దాళ్వా మొదలవుతూనే తనకి కొండ డ్యూటీ వేశారట. ఏమేం పట్టుకెళ్ళమంటారు మేడం అని అడిగింది. స్వెట్టరు, దోమతెర, ఓ సీసాలో ఆవకాయ అని చెప్పాను. "అది కాదు మేడం, అక్కడ వాళ్ళతో ఏం మాట్లాడాలి?" అంది. ఫోన్‌లో చెప్పే జవాబు కాదది. తర్వాత చేస్తానమ్మా అని పెట్టేశాను. మళ్ళీ చేయలేదు. బద్ధకం ఒక్కటే కారణం కాదు, ఏం చెప్పాలో నాకే తోచలేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, దానికి ఎవరు అడ్డుపడ్డారో ఇందులో ఉండదు. అవి తలుచుకుంటే నాకే విసుగు. ఉద్యోగమంతా గోదావరి డెల్టాలోనే గడిచింది. రామచంద్రపురంలో కొన్నాళ్ళు, నరసాపురం వైపు చాలా ఏళ్ళు. డీఈగా రిటైరయ్యాను. గట్లు వేయించాను, పూడికలు తీయించాను, లాకులకి రంగులు కొట్టించాను. అవేవీ ఇప్పుడు గుర్తుకు రావు. గుర్తొచ్చేదల్లా అడుక్కోవడమే. ఏటా దాళ్వాకి కొండెక్కి, కరెంటు వాళ్ళ ఎదురుగా కూర్చుని, నీళ్ళు వదలండి బాబూ అని అడుక్కోవడం. నా అసలు ఉద్యోగం అదీ. ఆ సీట్లోకి వచ్చేవాళ్ళు ఎవరైనా చేయబోయేదీ అదే.

నీళ్ళు ఎవరూ తాగేయరు

సార్వాకి, అంటే వానాకాలం పంటకి, మనకి నీళ్ళ బెంగ లేదు. వద్దన్నా వస్తాయి, పైగా ఊళ్ళ మీద పడతాయి. కథంతా ఎండాకాలం కోతకొచ్చే దాళ్వాకే. జనవరి దాటిందంటే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఇసుక మేటలు బయటపడతాయి. అప్పుడు గోదావరిలో పారేదాంట్లో చాలా భాగం సీలేరు కొండల నుంచి దిగివచ్చే నీళ్ళే. అక్కడి జలాశయాలు కట్టింది కరెంటు కోసం. నీళ్ళు పెద్ద పెద్ద గొట్టాల్లోంచి కిందికి దూకి, టర్బైన్లు తిప్పి, శబరిలో కలిసి, గోదావరిలోకి వచ్చి, పాపికొండలు దాటి, నాలుగైదు రోజులకి మన ఆనకట్టకి చేరతాయి. అక్కణ్ణుంచి కాలువల్లోకి. అంటే మండపేట మిల్లుల్లో ఆడే దాళ్వా ధాన్యంలో చాలా మటుకు ముందు ఎక్కడో దీపాలు వెలిగించి వచ్చిన నీళ్ళతో పండిందే.

కొత్తవాళ్ళు ఇక్కడే అడుగుతారు: టర్బైను నీళ్ళు తాగేయదు కదా, మరి తగువేంటి అని. తగువంతా ఎప్పుడు వదలాలి అన్న దగ్గరే. వరికి మార్చిలో, గింజ పాలుపోసుకునే రోజుల్లో, సన్నగానైనా సరే ఆగకుండా నీళ్ళు రావాలి. కరెంటు వాళ్ళకి సాయంత్రం జనం ఇళ్ళకి చేరి ఫ్యాన్లు, ఏసీలు వేసుకునే వేళకి కావాలి. అంతకన్నా ముఖ్యంగా, మే నెల ఎండలకి జలాశయంలో కాసిని మిగలాలి. మనం మార్చిలో వాడేస్తే వాళ్ళకి మేలో లేవు. వాళ్ళు మేకి దాచుకుంటే మనకి మార్చిలో లేవు. ఇద్దరిదీ న్యాయమే. అదే ఈ ఉద్యోగంలో ఉన్న చిక్కు. ఒకడు దొంగ అయితే ఎంత సుఖంగా ఉండేదో.

విశాఖలో వాన

నేను చేరిన కొత్తలో ఒక ఫిబ్రవరిలో కాలువలో నీళ్ళు ఉన్నట్టుండి పడిపోయాయి. రైతులు ఆఫీసు మీదకి వచ్చారు. షట్టర్లు దించేశారా, పై ఊళ్ళ వాళ్ళకి అమ్ముకున్నారా, ఏంటండీ ఇది అని ఒకటే గోల. మేమేమీ ముట్టుకోలేదు. పవర్‌హౌస్‌కి ఫోన్ చేస్తే అవతల నుంచి తాపీగా జవాబు: "విశాఖలో మంచి వాన పడిందండి. ఊరంతా చల్లబడింది. వాడకం తగ్గిపోయింది కదా, మిషన్లు ఆపేయమన్నారు."

అదే మాట తీసుకెళ్ళి రైతులకి చెప్పాను. ముందు వరసలో ఉన్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "వానొస్తే చేను ఎండిపోవడమేంటమ్మా? ఉద్యోగానికి కొత్త కదా, భయపడి ఏదోటి చెప్పకు. తెలీకపోతే తెలీదని చెప్పు, మేమేమీ అనుకోం" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పి అబద్ధాలకోరుననిపించుకోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత అలవాటైపోయింది. ఆదివారం ఆఫీసులు, ఫ్యాక్టరీలు ఉండవు. కరెంటు వాడకం తగ్గుతుంది, కొండ మీద మిషన్లు తగ్గుతాయి, గురువారానికి మా కాలువ తగ్గుతుంది. గురువారాలు తిట్లు తినలేక కాలువ మీద కాపలా ఉండే మా లస్కర్లు ఏదో వంకతో సెలవు పెట్టేవారు. నేను మాత్రం ఎక్కడికి పోతాను? మన ఊళ్ళో మబ్బు పట్టిందా అని కాదు, పెద్ద నగరాల్లో మబ్బు పట్టిందా అని రోజూ చూసుకోండి. మీ కాలువ భవిష్యత్తు అక్కడే తేలుతుంది.

రెట్టింపు

మా పై అధికారి, ఈఈ సుబ్బరాజు గారని ఉండేవారు. కాఫీ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ, ఫైలు వైపు కన్నెత్తి చూడకుండానే సంతకం పెట్టే మనిషి. నేను మొదటిసారి దాళ్వాకి ఎన్ని నీళ్ళు కావాలో లెక్క కట్టి ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఎన్ని ఎకరాలు, ఏ నేల ఎంత తాగుతుంది, దారిలో ఎంత ఇంకిపోతుంది, అన్నీ చూసి కట్టిన లెక్క. మెచ్చుకుంటారనుకున్నాను. ఆ ఒక్కటి మాత్రం ఆయన సాంతం చదివారు. చదివి నవ్వారు.

"ఏం అమ్మాయ్, మనకి కావలసింది ఇంతేనా?"

"అవునండీ సార్. రెండుసార్లు సరిచూశాను."

"కావలసినంతే అడిగితే సగం ఇస్తారు. రెట్టింపు వెయ్యి."

"అబద్ధం కదండీ?"

"అబద్ధమేంటి, బేరం! చేపల బజార్లో చెప్పిన ధరకి ఎప్పుడైనా కొన్నావా? అమ్మేవాడు దింపడానికే చెబుతాడు, కొనేవాడు దింపడానికే అడుగుతాడు. ఎవడికీ అన్యాయం జరగదు."

రెట్టింపు వేశాను. అవతలివాళ్ళు సగానికి కోశారు. సరిగ్గా నేను మొదట కట్టినన్ని నీళ్ళే వచ్చాయి. ఆశ్చర్యపోయాను. ఇంత సులువైన పద్ధతి చదువుకున్న కాలేజీలో ఎవరూ చెప్పలేదే అనుకున్నాను. మరుసటేడూ అంతే, ఆ పై ఏడూ అంతే.

చలపతి గారి ఉప్మా

ఈ బేరంలో అవతలి వైపు మనిషి చలపతి గారు. పవర్‌హౌస్‌లో ఇంజినీరు. ఆయనది రాజమండ్రే. బక్కపలచటి మనిషి, మెడకి ఎప్పుడూ మఫ్లరు. మేం రెట్టింపు అడిగినట్టే, ఆయన ఉన్న నీళ్ళు తగ్గించి చెప్పేవారు. జలాశయంలో వాడుకోవడానికి ఇక ఇంతేనండి అనేవారు. అది నిజం కాదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఇంట్లో ఆడవాళ్ళు పోపులపెట్టెలో డబ్బులు దాచుకున్నట్టు అడుగున కొన్ని నీళ్ళు అట్టేపెట్టేవారు.

మార్చి వచ్చేసరికి కాలువ చివరనున్న శివారు ఊళ్ళకి నీళ్ళు ఎక్కవు. అప్పుడు నేను ముందు ఆ ఊళ్ళకి వెళ్ళి, ఈసారి కష్టంగా ఉందండీ, ఆశ పెట్టుకోకండి అని చెప్పేదాన్ని. ఆ తర్వాత కొండెక్కేదాన్ని. గెస్ట్‌హౌస్‌లో మకాం. పొద్దున్నే చలపతి గారు ఎదురుగా కూర్చునేవారు. నేను మొహం వేలాడేసుకుని మా శివారు ఎండిపోతోందండీ అనేదాన్ని. లేవండీ బాబూ, ఒట్టు అనేవారు. మర్నాడూ అదే నాటకం. ఆ మర్నాడు ఉప్మా ప్లేటు నా వైపు జరిపి, "మొత్తానికి కొంచెం దొరికాయండి" అనేవారు. అంతే. ఎక్కడ దొరికాయని నేను అడిగేదాన్ని కాదు. ఉప్మాలో జీడిపప్పు వేశారంటే నీళ్ళు ఇస్తారని మా డ్రైవరు పందెం కాసేవాడు.

ఆయనంటే నాకు గౌరవం. ఆయన దాచబట్టే శివారు బతికింది. అడిగినప్పుడల్లా అంతా ఇచ్చేసి ఉంటే పైనున్న చేలు ముందే తాగి కూర్చునేవి. కానీ ఈ వ్యవహారం ఏళ్ళ తరబడి నడిచేసరికి డెల్టా మొత్తానికి ఒక నమ్మకం ఏర్పడిపోయింది. ఆఫీసు వాళ్ళు లేవు అన్నారంటే ఇంకా గట్టిగా అడగలేదని అర్థం. కొండ మీద ఎప్పుడూ దాచిన నీళ్ళు ఉంటాయి. మేడం గారు వెళ్తే వస్తాయి.

దొంగ లెక్క మీద సంతకం

నా ఉద్యోగం చివరి ఏళ్ళలో ఒకసారి కొండల్లో వానలు సరిగా పడలేదు. సుబ్బరాజు గారు అప్పటికి ఎప్పుడో రిటైరయ్యారు. మా అందరికీ పైన ఎస్ఈగా విశ్వేశ్వరరావు గారు కొత్తగా వచ్చారు. డెల్టాలో అంతకుముందు పనిచేయలేదు. పొడిపొడిగా మాట్లాడే మనిషి, ఒకరు తెచ్చిన అరటిపండు కూడా ముట్టుకోరు.

రాజమండ్రిలో దాళ్వా సమావేశం పెట్టారు. నాయకులు, నీటి సంఘాల వాళ్ళు, రైతులు, హాలంతా కిటకిటలాడుతోంది. ఆయన లేచి, ఉన్న నీళ్ళు సగం భూమికే సరిపోతాయి, మిగతా సగంలో మినుమో పెసరో వేసుకోండి అని సూటిగా చెప్పేశారు. హాలు లేచిపోయింది. వరి పండే చేలో మినుమేంటని ఒకరు, ఒక్క సెంటు వదిలినా ఊరుకోమని ఇంకొకరు. చివరికి నీటి సంఘం ప్రెసిడెంటు ఒకాయన లేచి, నవ్వుతూ అన్నాడు.

"సార్ గారు కొత్తండి, ఆయన తప్పేం లేదు. కొండ మీద ఉంటాయండి నీళ్ళు. మన మేడం గారు వెళ్ళి తెస్తారు. ఏం మేడం గారూ?"

అందరూ నా వైపు తిరిగారు. నేనూ నవ్వాను. ఏటా జరిగేదే కదా అనుకున్నాను. మొత్తం భూమికీ నీళ్ళిస్తామని తీర్మానమైపోయింది.

తర్వాత నీళ్ళ లెక్క కొండకి పంపాలి. నేను అలవాటు ప్రకారం రెట్టింపు వేసి తీసుకెళ్ళాను. విశ్వేశ్వరరావు గారు ఇది ఎక్కడిదమ్మా అని అడిగారు. సంగతి చెప్పాను. ఆయన కలం మూత పెట్టేశారు.

"మొత్తం భూమికి ఎంత కావాలో అంతే రాయి. దొంగ లెక్క మీద నేను సంతకం పెట్టను."

"సార్, వాళ్ళు సగం కోసేస్తారండి."

"నిజం చెప్పాక ఎందుకు కోస్తారమ్మా?"

లెక్క మళ్ళీ రాసి తెచ్చాను. నిజమైన లెక్కే వెళ్ళింది. సగం కోసి పంపారు.

ఎవరిది తప్పంటే ఈ రోజుకీ చెప్పలేను. ఆయనది ధర్మం. కానీ ఇన్నేళ్ళుగా అందరూ ఒకే రకంగా అబద్ధం ఆడుతున్న చోటికి వచ్చి, ఎవరికీ ముందుగా చెప్పకుండా ఒక్కసారిగా నిజం చెబితే అది కూడా అబద్ధం కిందే లెక్కకొస్తుంది.

చలపతి గారికి ఫోన్ చేశాను. ఈసారి మేం పెంచలేదండీ, ఉన్నదే రాశాం అన్నాను. అవతల ఆయన పకపకా నవ్వారు.

"బాగుందండీ, కొత్తగా ఉంది. ఈ ఎత్తు ఎవరు చెప్పారు మీకు?"

"ఒట్టండీ బాబూ!"

"సరే, మరి నేనూ చెబుతున్నా, వినండి. ఈసారి మా దగ్గర కూడా దాచినవి లేవు. ఉన్నవి ఉన్నట్టే చెప్పాం."

ఈసారి నేను నవ్వాను.

మఫ్లరు లేని మనిషి

మార్చిలో కొండెక్కాను. గెస్ట్‌హౌస్‌లో ఉప్మా పెట్టారు. చలపతి గారు ఎదురుగా కూర్చున్నారు కానీ నాటకం మొదలుపెట్టలేదు. మెడకి మఫ్లరు కూడా లేదు. తిన్నాక, "రండి మేడం, ఒకసారి చూద్దురుగాని" అని జీపెక్కించారు.

ఇన్నేళ్ళలో జలాశయం దగ్గరికి నన్ను తీసుకెళ్ళడం అదే మొదలు. దూరం నుంచే అర్థమైంది. ఒడ్డున ఉండాల్సిన పడవ ఎండిన బురదలో పక్కకి ఒరిగి ఉంది. దానికీ నీళ్ళకీ మధ్య మేకలు మేస్తున్నాయి. నీళ్ళు ఎక్కడో అడుగున, పళ్ళెంలో మిగిలిన చారులా ఉన్నాయి. అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయాను.

"ఇప్పుడు నీటి మట్టం పై ఆఫీసు వాళ్ళకి ఫోన్‌లో కనిపిస్తుందండి. దాచడానికి నా చేతిలో ఏమీ లేదు. చెప్పాను కదా మీకు" అన్నారు ఆయన.

నేను రాయి మీద నుంచి లేచాను. "మరి నేనూ చెప్పాను కదండీ! మాదీ నిజం లెక్కేనని మొత్తుకున్నాను కదా! ఎందుకు కోశారు సగం?"

"మీరు నిజం చెబుతున్నారని నాకెలా తెలుస్తుందండీ?"

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగారు. తర్వాత ఆయన నెమ్మదిగా, ఈ మిగిలిన నీళ్ళు ఇప్పుడు వదిలేస్తే మేలో మీ రాజమండ్రిలో మంచినీళ్ళ పంపులు తిరగవు, ఆస్పత్రుల్లో కరెంటు ఉండదు, అప్పుడు మళ్ళీ మీరే నన్ను తిడతారు అన్నారు. అదీ నిజమే. ఆయన చేయగలిగింది ఒక్కటే ఉంది. సాయంత్రాలు మిషన్లన్నీ కలిపి ఒక ఊపున నడిపి ఆపేయకుండా, ఒక్క మిషను రాత్రీ పగలూ ఆగకుండా నడుపుతానన్నారు. కాలువకి సన్నగా అయినా ధార తెగదు. పైవాళ్ళు ఒప్పుకున్నన్ని రోజులు నడుపుతానన్నారు. థాంక్సండీ అన్నాను. రెండో మాట అడగకుండా కొండ దిగడం నా ఉద్యోగంలో అదొక్కసారే.

ఏం మాట్లాడాలి అని అడిగావు కదమ్మా. కావలసినంతే అడుగు. మొదటి ఏడు సగమే వస్తుంది. రైతులు తిడతారు, పై అధికారులు చేతకాదంటారు, నీ ముందు పనిచేసినవాళ్ళే నయమంటారు. పడు. ఎన్నేళ్ళు పడితే నీ మాట మాటగా చెల్లుతుందో నేను చెప్పలేను, నేను ఆ దారిన నడవలేదు కాబట్టి. దిగువన పెద్ద ప్రాజెక్టు పూర్తయితే ఈ బాధలన్నీ పోతాయని కుర్రాళ్ళు అంటున్నారు. పోతే సంతోషమే. అది నిండాక కూడా దాని గట్టు మీద ఒక చేను మనిషి, ఒక కరెంటు మనిషి ఎదురెదురుగా కూర్చునే ఉంటారని నా అనుమానం.

సమానంగా పంచడం

కొండ దిగి వచ్చి విశ్వేశ్వరరావు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తల పట్టుకోలేదు, నేను చెప్పలేదా అని కూడా అనలేదు. డెల్టా పటం ముందు పరిచారు.

ఇలాంటప్పుడు అందరూ అడిగేది ఒకటే, ఉన్నవాటినే వంతులవారీగా అందరికీ సమానంగా ఇవ్వండి అని. వినడానికి ఎంత బాగుంటుందో! చాలామంది అధికారులు ఆ మాట వెనక దాక్కుని సర్వీసు వెళ్ళదీశారు. నీళ్ళు మరీ సన్నగా ఉన్నప్పుడు అన్ని కాలువలకీ పంచితే సగం దారిలోనే ఇంకిపోతాయి. చివరి ఊళ్ళకి ఎటూ చేరవు, మధ్య ఊళ్ళకి చాలవు. అందరికీ ఇచ్చామన్న పేరు దక్కుతుంది, పంట ఎవరికీ దక్కదు.

ఆయన పటం మీద వేలు పెట్టి, మొగల్తూరు వైపు కాలువ ఆఖరి భాగం చూపించారు. "ఇక్కడి నుంచి కిందికి ఆపేద్దాం. పైది బతుకుతుంది."

"సార్, వాళ్ళ చేలు పాలుపోసుకుంటున్నాయండి. ఒక్క తడి ఇస్తే చాలు."

"ఆ ఒక్క తడికి నీళ్ళున్నాయా?"

లేవు.

"అందుకే ఈరోజే చెప్పాలి. ఇప్పుడు కోసుకుంటే పచ్చిమేతైనా మిగులుతుంది. సముద్రం పక్క నేల, నాలుగు రోజులు ఎండితే ఉప్పు పైకి తేలుతుంది, ఆ గడ్డి పశువు కూడా ముట్టదు. నువ్వెళ్ళి చెప్పమ్మా. నీ మాటయితే వింటారు" అన్నారు.

ఆఖరి ఊరు

ఆ కాలువ ఆఖరి ఊళ్ళో నాగమణి అని ఒక కౌలు రైతు. మూడెకరాలు చేస్తుంది. మన వైపు పద్ధతి తెలిసిందే: సార్వా పంట భూమి గలాయనకి కౌలు కింద పోతుంది, కౌలుదారు తినేది దాళ్వా పంటే. అంటే ఆ చేను ఒక్కటే ఆ ఏడాదికి వాళ్ళ తిండి. మొగుడు రొయ్యల చెరువు దగ్గర కాపలా. ఇంట్లో రెండు గేదెలు. పక్కనే మురుగు డ్రెయిను ఉంది కానీ చెరువుల నీళ్ళూ సముద్రం పోటూ కలిసి ఉప్పు కషాయం, ఇంజను పెట్టి తోడినా చేను చస్తుంది. కాలువ నీళ్ళొస్తేనే బతుకు.

చివరికి ఏమైందో ముందే చెప్పేస్తాను. నీళ్ళు రాలేదు. చేను ఎర్రబారిపోయింది. గింజ అంతా తాలు. ఆ గడ్డి గేదెల ముందు వేస్తే వాసన చూసి మొహం తిప్పేశాయట. వేసవిలో గేదెల్ని సంతకి తోలేశారు. పైనున్న ఊళ్ళలో పంట పండింది, ఆ ఏడు డెల్టాని కాపాడారని విశ్వేశ్వరరావు గారికి దండ వేశారు కూడా. నాగమణి వాళ్ళు ఆ తర్వాత కౌలు వదిలేశారని విన్నాను. మళ్ళీ ఆ ఊరు వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

నేను వెళ్ళి చెప్పిన రోజు మాత్రం చేను పచ్చగా ఉంది. గింజ నొక్కితే తెల్లటి పాలు వచ్చాయి. తూము దగ్గర ఊరి రైతులందర్నీ పోగుచేశాను. మధ్యాహ్నం ఎండ మాడిపోతోంది. మెత్తమెత్తగా చెబితే లాభం లేదని గొంతు పెంచి చెప్పాను.

"ఈసారి నీళ్ళు రావు. కష్టమని కాదు, రావు. కొండ మీద లేవు. ఈరోజే కోసేసుకోండి, మేతైనా దక్కుతుంది."

నాగమణి కొంగుతో మొహం తుడుచుకుని, "ఎండనపడి వచ్చారు, ముందు కాసిని మంచినీళ్ళు తాగండి మేడం గారూ" అంది. తర్వాత అడిగింది.

"కొండకెళ్ళొచ్చారాండి?"

"వెళ్ళొచ్చాను. నా కళ్ళతో చూసొచ్చాను. అడుగు కనిపిస్తోంది."

"ఎల్లొచ్చారంట!" అని వెనక ఎవరో గట్టిగా అన్నారు. ఒక్కసారిగా అందరి మొహాలూ విచ్చుకున్నాయి. నాకు మొదట అర్థం కాలేదు.

"ఇంకేం మరి," అంది నాగమణి. "మీరెళ్ళొచ్చాక రాని ఏడు ఏదండీ?"

"నాగమణీ, నా మాట విను. ఈసారి లేవు. నిజంగా లేవు."

"మరేనండి. పైవూళ్ళ వాళ్ళు వింటే దార్లోనే తోడేసుకుంటారు. మీరలాగే చెప్పాలి. మేమేం ఎవరితోనూ అనం లెండి."

ఆమె నన్ను ఓదారుస్తోంది! నా గుట్టు దాస్తానని మాట ఇస్తోంది. లేవమ్మా, లేవు, మీ గేదెల మీద ఒట్టు, నా పిల్లల మీద ఒట్టు అని చేతులు పట్టుకున్నాను. ఆమె జాలిగా నవ్వింది. అప్పటికే మగవాళ్ళు పారలు తెమ్మని కేకలేస్తున్నారు. నాలుగైదు రోజుల్లో నీళ్ళొచ్చేస్తాయి, చేలకి నీళ్ళు తెచ్చే బోదె పూడుకుపోయి ఉంది, వచ్చినవి చుక్క వృథా పోకూడదు అనుకుంటున్నారు. కొడవళ్ళు తెమ్మని నేను వాళ్ళకన్నా గట్టిగా అరిచాను. ఎవరూ వినిపించుకోలేదు.

నాగమణి చీర ఎగ్గట్టి బోదెలోకి దిగింది. గుర్రపుడెక్క మొక్కలు పీకి గట్టు మీదికి విసరడం మొదలుపెట్టింది. నేను చెప్పులతోనే ఆమె వెనక ఆ ఎండిన బోదెలోకి దిగి అడ్డంగా నిలబడ్డాను. ఆమె తలెత్తి, ఎంతో మర్యాదగా అంది.

"కాస్త పక్కకి తప్పుకోండి మేడం గారూ. నీళ్ళొచ్చే దారండి."